ఒక్క పండుగ వెనుక పదేళ్ల పని

సికింద్రాబాద్‌లో చదువుకున్న మనకు డిసెంబరు అంటే ముందుగా గుర్తొచ్చేవి ఇళ్ల ముందు వెలిగే నక్షత్రాలు, బడిలో జరిగే సెమీ క్రిస్మస్, పక్కింటి నుంచి వచ్చే కేకు ముక్క. మనది ఏ మతమైనా ఆ పండుగలో మనకూ కొంత వాటా ఉండేది. జనవరి రాగానే నక్షత్రం అటకెక్కేది. మరి విశ్వాసం మాటేమిటి? అదీ అటకెక్కాల్సిందేనా? ఈ ప్రశ్నకు మన ఊరి నుంచే మొదలైన ఒక చరిత్ర జవాబు చెబుతుంది.

1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న మన ఊరు కంటోన్మెంటుతో పెరిగింది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ చర్చి ఆ కాలపు గుర్తులు. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ ఇంగ్లండు నుంచి ఇక్కడికి వచ్చారు. మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య సేవ చేశారు. అక్కడే ఉంటే ఆయన జీవితం సాఫీగా సాగేది. కాని పల్లెల వైపు కదిలి, 1896లో మెదక్ చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంట వచ్చిన కరవు మెదక్ పల్లెలను కుంగదీశాయి. అప్పుడు పాస్నెట్ ఊరికే గింజలు పంచి ఊరుకోలేదు. చర్చి నిర్మాణాన్ని కరవు పనిగా మార్చారు. రాయి మోసినవారికి, మట్టి తవ్వినవారికి కూలిగా తిండి దొరికింది. తీసుకునేవాడు చేయి చాచనక్కరలేదు. అది అతని కష్టార్జితం. 1914లో మొదలైన ఆ పని పదేళ్లు సాగింది. 175 అడుగుల గోపురంతో, అయిదు వేల మంది కూర్చోగల ఆ కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా సాంఘిక శాస్త్రం సారు మమ్మల్ని బస్సులో మెదక్ తీసుకెళ్లారు. మేమంతా రంగు అద్దాల కిటికీల వైపు నోరు తెరిచి చూస్తుంటే ఆయన, "పైకి చూసింది చాలు. ఈ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడన్నా ఉన్నాయేమో చూడండ్రా" అన్నారు. వెతికాం. మాకు కనబడలేదు. ఆ పూట చరిత్ర పాఠం అంతే.

ఆకలితో ఉన్నవారికి తిండి చూపి మతం ఇచ్చారన్న విమర్శ మిషనరీల మీద ఉంది. దాన్ని దాచనక్కరలేదు. అయితే అదే కాలంలో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో జరిగింది కూడా చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్లే వెలివేసిన కుష్ఠు రోగుల కోసం డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందువు. రోగి పుండు కడిగే చేతులూ, అందుకు డబ్బిచ్చిన చేతులూ వేర్వేరు మతాలవి. పని మాత్రం ఒక్కటే. పండుగలు వచ్చాయి, పోయాయి. ఆ పుండ్లకు కట్లు కట్టడం మాత్రం రోజూ ఉండేది.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. డిసెంబరులో మనం దుప్పట్లు పంచుతాం, ఫొటోలు దిగుతాం. అది మంచిదే, మానవద్దు. కాని జూన్‌లో పుస్తకాలు కొనలేక, ఫీజు కట్టలేక బడి మానేసే పిల్లలు మన బడి చుట్టుపక్కలే ఉన్నారు. అప్పుడు మనలో ఎంతమందిమి కనబడుతున్నాం? ఒక్కొక్క బ్యాచ్ ఒక్క పిల్లవాణ్ణో, పిల్లనో పదో తరగతి దాటేవరకు, ఏడాది పొడుగునా, చూసుకోలేదా? ఇది క్రైస్తవ మిత్రులను మాత్రమే అడుగుతున్న మాట కాదు. డిచ్‌పల్లిలో నర్సాగౌడ్ గారిని ఎవరూ అలా వేరుచేసి చూడలేదు.

స్వర్ణోత్సవ సభలో ఈ విషయం చర్చకు పెడతారని ఆశిస్తున్నాను.