రాత్రిలోగా ఏసీ

మొన్న మే నెలలో మా పదకొండేళ్ల ఏసీ కంప్రెసర్ కాలిపోయింది. నాన్నకి ఆయాసం. షాపులో "రేపే డెలివరీ సార్" అన్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. బిగించే మనిషి దొరకడానికి మాత్రం ఇంకో నాలుగు రోజులు పట్టింది. డబ్బా హాల్లో, నాన్న తడి తువ్వాలుతో పడగ్గదిలో. అసలు ఒక ఏసీ తీసి ఇంకోటి పెట్టడానికి ఎంతసేపు పట్టాలి? ఆ నాలుగు రోజులూ చేసేదేం లేక దీని చరిత్ర తవ్వుతూ కూర్చున్నాను.

ఏసీ పుట్టింది మనిషి కోసం కాదు, కాగితం కోసం. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగేది, ముడుచుకునేది. ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమని అదుపు చెయ్యడానికి విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు గీసిన యంత్రమే ఇవాళ్టి ఏసీకి తాత. ఇంటికి వచ్చింది 1914లో, మినియాపొలిస్‌లో చార్లెస్ గేట్స్ అనే కోటీశ్వరుడి భవంతికి. 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. అంటే మా పడగ్గది కంటే పొడుగు. ఇల్లు పూర్తి కాకముందే, 1913లోనే గేట్స్ పోయాడు. ఆ యంత్రాన్ని ఎవరైనా ఒక్కసారైనా వాడారో లేదోనని రాస్తారు. ఆ వాక్యం చదివి పక్కగదిలోకి వెళ్లి నాన్నని చూసొచ్చాను.

1930లలో కిటికీ గట్టు మీద పెట్టుకునే ఏసీ వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విండో ఏసీ ఇళ్లలోకి పాకింది. దాని గొప్పతనం చల్లదనం ఒక్కటే కాదు. కంప్రెసరూ, గ్యాసూ, పైపులూ అన్నీ ఫ్యాక్టరీలోనే సీలు చేసి పంపేవాళ్లు. పాతది లాగెయ్, కొత్తది తోసెయ్, ప్లగ్గు పెట్టు. కొలత కుదిరితే గంట కూడా పట్టదు.

తర్వాత మనకి చప్పుడు నచ్చలేదు. 1961లో జపాన్‌లో తోషిబా స్ప్లిట్ ఏసీ తెచ్చింది. గోల చేసే కంప్రెసర్ బయటికి, చల్లగాలి లోపలికి. మధ్యలో రెండు రాగి పైపులు. నాకు తట్టిందేంటంటే, ఆ పైపులతోనే టైము మళ్లీ పెరిగింది. స్ప్లిట్ ఏసీ ఫ్యాక్టరీ నుంచి సగం తయారై వస్తుంది. మిగతా సగం, అంటే గ్యాసు తిరిగే దారిని గాలి చొరబడకుండా మూసే పని, మన బాల్కనీలో జరుగుతుంది.

ఐదో రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు, మేస్త్రీ, అతని అసిస్టెంటు కుర్రాడు. కంప్రెసర్ బతికుంటే పాత గ్యాసుని దాంట్లోకే లాక్కోవచ్చు. మాది చచ్చింది. అప్పుడు రికవరీ మెషీన్ కావాలి, అతని దగ్గర లేదు. నట్టు వదులు చేశాడు, బుస్సుమంది. అది ఆర్-22, ఓజోన్ పొరని తినే జాతి. 1987 మాంట్రియల్ ఒప్పందం మా మూడో అంతస్తు దాకా ఎక్కలేదు. నేనూ నోరు మెదపలేదు.

"గోడకి పాత పైపు ఉంది కదన్నా, దానికే కలిపేస్తే?" అన్నాను. కుదరదన్నాడు. కొత్తది ఆర్-32, ప్రెషర్ ఎక్కువ, ఆయిల్ వేరు. పైగా కాలిన కంప్రెసర్ మసి ఆ పైపులోనే ఉంటుంది. అందుకని కొత్త పైపు. కుర్రాడు సన్‌షేడ్ మీద నిలబడి స్టాండు బిగించాడు, నడుముకి తాడు లేదు.

ఆరు దాటాక అసలు ఘట్టం. పైపులో మిగిలిన గాలినీ తేమనీ వాక్యూమ్ పంపుతో లాగెయ్యాలి. ఒత్తిడి బాగా పడిపోతే నీళ్లు మామూలు వేడికే మరిగి ఆవిరై పోతాయి, కిటుకు అదే. దానికి ఇరవై నిమిషాలో అరగంటో. పంపు ఆపి ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూడ్డానికి ఇంకో పది నిమిషాలు. ఈ పనిలో తొందరపెట్టడానికి వీల్లేనిది ఇదొక్కటే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే.

"పంపు ఇంకో ఇంట్లో ఉండిపోయింది సార్. కొంచెం గ్యాసు వదిలి గాలి తోసేస్తా, అందరికీ అట్లనే చేస్తం."

ఆర్-32 కొద్దిగా మండే వాయువు. లోపల తేమ మిగిలితే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఇవన్నీ అప్పటికే చదివేశాను. అయినా "సరే కానివ్వు" అనబోయాను. లోపల్నించి నాన్న దగ్గు ఆపుకుంటూ, "ఒరేయ్, తెచ్చుకోనీరా, ఇన్ని రోజులు ఆగాం కదా" అన్నాడు.

కుర్రాడు బండేసుకుని వెళ్లి వచ్చేసరికి గంట. ఎనిమిదిన్నరకి చల్లగాలి వచ్చింది. ఐదున్నర గంటలు, అందులో పంపు కోసం పోయిన గంట తీసేస్తే నాలుగున్నర. పాత పైపు పనికొచ్చి ఉంటే రెండు మూడు గంటల్లో అయ్యేది. పైపు గోడలో పూడ్చి ఉండి అది మార్చాల్సొస్తే గోడ పగలగొట్టాలి, ఒక రోజు దాటినా దాటొచ్చు. అంతకంటే ముందే అయిపోతుందని ఎవరైనా అంటే, పంపు తెచ్చారో లేదో చూస్తాను ఇకమీదట.

సామాన్లు సర్దుకుంటుంటే మేస్త్రీ ఫోను మోగింది. ఆ రోజుకి ఇంకా రెండిళ్లున్నాయట.

"వస్తున్నానమ్మా, దార్లోనే ఉన్నా," అన్నాడు మా హాల్లో చెప్పులు వెతుక్కుంటూ. "ఎంతసేపమ్మా, అరగంట పని."