పేగుకి మంట చెప్పే పని

ఇన్‌ఫ్లమేషన్‌ని మన పుస్తకాలు ఒకచోట ‘శోథ’ అంటాయి, ఇంకోచోట ‘వాపు’ అంటాయి. నాకు ‘మంట’ అన్న మాటే ఇష్టం. లాటిన్ మూలంలోనూ ఉన్నది నిప్పే. చిక్కల్లా ఏంటంటే, మంట అనగానే కాల్చడమే గుర్తొస్తుంది, పెంచడం గుర్తురాదు. వైద్యం కూడా చాలాకాలం అలాగే చూసింది.

1863లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో కేన్సర్ కంతుల్లో తెల్లరక్తకణాలు చూసి, ఎడతెగని మంట ఉన్నచోటే కేన్సర్ మొదలవుతుందని అనుమానించాడు. 1925లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, అల్సరేటివ్ కొలైటిస్‌తో బాధపడుతున్న మనిషిలో కేన్సర్‌ని నమోదు చేశాడు. రెండిటికీ సంబంధం ఉందని తెలిసింది గానీ, ఎలాగన్నది తేలలేదు.

అసలు పేగు లోపలి పొర స్థిరమైన గోడ కాదు. ఎలుకల చిన్నపేగులో అది రెండు రోజుల్లోపే మొత్తం మారిపోతుందని 1948లో లెబ్లాండ్, స్టీవెన్స్ లెక్కగట్టారు. గుంటల అడుగున మూలకణాలు విభజన చెందుతాయి, కొత్త కణాలు మెల్లగా పైకి జరిగి అక్కడ రాలిపోతాయి. మరి గాయమైనప్పుడు ఈ పని సాగమని చెప్పేదెవరు?

2004లో ‘సెల్’ పత్రికలో వారాల తేడాతో వచ్చిన రెండు పరిశోధనల్ని పక్కపక్కన పెట్టి చదవడం నాకు అలవాటు. మొదటిది యేల్‌లో రుస్లాన్ మెజిటోవ్ బృందానిది. పేగుని పుండు చేసే రసాయనాన్ని ఎలుకలకి తాగించారు. యాంటీబయాటిక్స్‌తో పేగులోని బాక్టీరియాని ముందే తుడిచేసిన ఎలుకలు బాగుంటాయనుకుంటాం కదా? అవే ఎక్కువగా చచ్చిపోయాయి. బాక్టీరియా పైపొర ముక్కల్ని నోటి ద్వారా ఇస్తే మళ్లీ తట్టుకున్నాయి. అంటే, శత్రువు వచ్చాడని కేకేసే సంకేతమే పొర మరమ్మతుకీ కావాలి. వాట్సాప్‌లో ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే పది ఆహారాలు’ వచ్చినప్పుడల్లా నాకు ఈ ఎలుకలే గుర్తొస్తాయి.

రెండోది శాన్ డియాగోలో ఫ్లోరియన్ గ్రెటెన్, మైకేల్ కారిన్ వాళ్లది. మంట సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే ఐకేకే-బీటా అనే ఎంజైమ్‌ని పేగు పొర కణాల్లో మాత్రమే తీసేశారు. కంతులు దాదాపు 80 శాతం తగ్గాయి. మంట మాత్రం తగ్గలేదు! దెబ్బతిన్న కణాలు చావకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఆ సంకేతమే. అదే ఎంజైమ్‌ని రోగనిరోధక కణాల్లో తీసేస్తే, ఐఎల్-6 లాంటి ‘పెరగండి’ అనే కబుర్లు తగ్గి కంతులు చిన్నవయ్యాయి.

2009లో ఆ ఐఎల్-6నే తీసేసి చూశారు. కంతులు తగ్గాయి, పేగు పుండ్లు మాత్రం ముదిరాయి.

ఇది ఎలుకల దగ్గరే ఆగలేదు. ఐఎల్-6 సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్‌ని 2010లో అమెరికా కీళ్లవాతానికి అనుమతించింది. ఎందరికో నొప్పుల నుంచి ఊరటనిచ్చిన మందు అది. దాంతోపాటు వచ్చే కాగితంలో, పేగుకి చిల్లు పడొచ్చన్న హెచ్చరిక కూడా ఉంటుంది.