జింక ఎవరిది?

దక్షిణాఫ్రికా నడిబొడ్డున ఫ్రీ స్టేట్ అనే రాష్ట్రంలో, బ్లూమ్‌ఫాంటేన్ దగ్గర ఉంటున్నాను. వాన తక్కువ, గాలి ఎక్కువ, కంటికి ఆనినంత దూరం బయలు. అనంతపురం జిల్లా కణేకల్ నుంచి వచ్చిన నాకు కొత్తగా అనిపించే నేల కాదు. ఊరి నుంచి ఫోన్ వస్తే తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అక్కడ జింకల్ని కాల్చినా కేసు లేదంట, నిజమేనా?" అనుమతి ఉంటే నిజమే. కాకపోతే దాని వెనక చాలా చరిత్ర ఉంది.

ముందు తుపాకీ సంగతి. ఇక్కడికి వేటకొచ్చే అమెరికన్లలో కొందరు పెద్ద బోరు లీవర్ రైఫిల్ తెచ్చుకుంటారు. 'మోసగాళ్లకు మోసగాడు' సినిమా తరం వాళ్లకు కౌబాయ్ తుపాకీ అంటే చాలు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని కిందికి తోసి పైకి లాగితే ఖాళీ తూటా ఎగిరి పడుతుంది, కొత్తది ఎక్కుతుంది. వీటిలో పేరున్న తూటా ఫార్టీఫైవ్-సెవెంటీ, 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన తేలిన గుండైతే ముందున్న తూటా అడుగును పొడిచి పేల్చే ప్రమాదం ఉంది కాబట్టి గుండు ముక్కు చదునుగా చేశారు. ముళ్లపొదల్లో వంద మీటర్ల లోపు దానికి తిరుగులేదు. బయల్లో 200 మీటర్లకు అడుగుకు మించి కిందికి జారిపోతుంది. బ్లెస్‌బాక్ అనే జింకల మంద మనిషిని అంత దగ్గరికి కూడా రానివ్వదు. చెదపుట్టల చాటున మోకాళ్లు చెక్కుకుపోయేలా పాకాల్సిందే.

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకు వించెస్టర్ లీవర్ రైఫిల్ తెచ్చాడు. ఆయనా, కొడుకూ కలిసి 500కు పైగా జంతువులను కొట్టారు. ఇక్కడి బోయర్లకు, అంటే డచ్ సంతతి తెల్ల రైతులకు, మాత్రం లీవర్ రైఫిల్ రుచించలేదు. 1899లో బ్రిటిష్ వాళ్లతో యుద్ధానికి దిగినప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నది దూరం కొట్టే జర్మన్ మౌజర్.

ఆ బోయర్లు 1830లలో ఎడ్లబండ్ల మీద ఈ మైదానానికి వచ్చారు. అప్పుడు జింకలు ఎవరివీ కావు, కొట్టినవాడివే. తోళ్లు బండ్లకెత్తి యూరప్‌కు పంపారు. 1860 ఆగస్టులో విక్టోరియా రాణి రెండో కొడుకు, పదహారేళ్ల ఆల్ఫ్రెడ్ కోసం బ్లూమ్‌ఫాంటేన్ పక్కనే వేలాది జంతువులను బరోలాంగ్ జనంతో తరిమించి వేట జరిపించారు. ఒంటి ముందు భాగానికే చారలుండే క్వాగా అనే జీబ్రా రకంలో చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డాం జూలో చచ్చిపోయింది. నల్ల వైల్డ్‌బీస్ట్ కూడా ఆ దారే పట్టేది. కొద్దిమంది రైతులు తమ పొలాల్లో కాపాడుకున్న మందలే దాన్ని నిలబెట్టాయి.

ఆల్ఫ్రెడ్ వేట జరిగిన మూడు నెలలకు మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల కూలికి వచ్చిన ఆ 342 మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఫ్రీ స్టేట్ మాత్రం 1891లో చట్టం చేసి భారతీయులను కాపురం ఉండనివ్వలేదు. ఆ నిషేధం 1980ల దాకా నడిచింది. నల్లవారికైతే 1913 చట్టం దేశం మొత్తంలో సుమారు 7 శాతం నేలే మిగిల్చింది. వేల ఎకరాల వేట పొలాలు తెల్లవారి చేతికి ఎలా వచ్చాయో వేరే చెప్పాలా?

1991లో ఇంకో చట్టం వచ్చింది. సరైన కంచె వేసుకున్న పొలంలోని అడవి జంతువు ఆ ఆసామిదే, కంచె దాటి పారిపోయినా ఆయనదే. అప్పటినుంచి జింక కూడా పశువులాగే ఆస్తి. వేటకు వచ్చినవాళ్లకు ముందే ధరల పట్టిక ఇస్తారు. నెత్తుటి చుక్క కనబడితే చాలు, జంతువు దొరక్కపోయినా పూర్తి డబ్బు కట్టాలి. కొట్టినదాన్ని కొట్టంలో కొక్కేనికి వేలాడదీసి, తోలు ఒలిచి, తూకం వేసి మాంసం అమ్ముకుంటారు. డబ్బు వస్తోంది కాబట్టే ఒకప్పుడు గొర్రెలు మేపిన రైతులు ఇప్పుడు జింకలు మేపుతున్నారు.

జింకలు మన వేరుశనగ మేసేస్తున్నాయి కదా, ఇదే పద్ధతి మనకూ తెస్తే పోదా అంటారు ఊళ్లో కొందరు. మూడెకరాల రైతు ఎంత కంచె వేస్తాడు? జింక ఏ గట్టు మీద ఆగుతుంది? మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను కొడితే జైలే, అలాగే ఉండాలి కూడా. ఇక్కడ మేపేవాడే యజమాని. మన దగ్గర యజమాని సర్కారు, మేపేది మాత్రం వేరుశనగ మొలకలు పోగొట్టుకున్న రైతు. తప్పు అక్కడుంది. కాబట్టి తుపాకీ అడగకండి. పంట పోయిన ప్రతిసారీ ఫొటో తీసి, అటవీశాఖకు అర్జీ పెట్టి, రసీదు తీసుకుని, పరిహారం అడగండి. జింక సర్కారుదైతే దాని మేత ఖర్చూ సర్కారుదే.