ఇంటి దగ్గర చేసే పని జెనీవా లెక్కల్లోకి ఎలా ఎక్కింది

గ్రాంటు అంటే ఏమిటో మన సంఘాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పయితే వడ్డీతో కట్టాలి. గ్రాంటయితే కట్టక్కర్లేదు గానీ లెక్క చూపాలి. బడులకీ ఆసుపత్రులకీ గ్రాంట్లిచ్చే పెద్ద ఫౌండేషన్లు ఇంకో పనికి కూడా డబ్బు పెట్టాయి. పనికీ వ్యాపారానికీ ప్రపంచ నియమాలు రాసే చోట పేద ఆడవాళ్ల మాట వినపడేలా చేయడమే ఆ పని. మనలో బీడీలు చుట్టేవాళ్లు, లేసు అల్లేవాళ్లు, జాకెట్లకి హుక్కులు కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ చరిత్రని ఈసారి నివేదికలో రాస్తున్నాం.

మన నరసాపురం నుంచే మొదలుపెడదాం. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి లేసు పనివాళ్లని కలిసి, వాళ్ల బతుకుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం అధ్యయనం చేశారు. అది 1982లో పుస్తకంగా వచ్చింది. లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది, వ్యాపారులకు లాభాలొచ్చేవి. అల్లిన ఆడవాళ్లు మాత్రం జనాభా లెక్కల్లో పనివాళ్లుగా కనపడలేదు. వాళ్లు గృహిణులట, తీరిక వేళ ఏదో అల్లుకుంటారట! ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లని ఆ పుస్తకమే చెప్తుంది. అంత తీరిక మనలో ఎవరికుంది?

లెక్కలో లేనివాళ్లకి కూలి రేటు అడిగే దారి ఉండదు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ గారికి ఇదే అడ్డొచ్చింది. 1972లో 'సేవా'ను కార్మిక సంఘంగా రిజిస్టరు చేయమని వెళ్తే, మీకు యజమానే లేడు కదా, ఎవరి మీద పోరాడతారు అని అధికారులు అడ్డం చెప్పారు. పట్టు విడవకుండా రిజిస్టరు చేయించుకున్నారు. రెండేళ్లకి నాలుగు వేలమంది ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల బ్యాంకుకి మొదటి పెట్టుబడి బయటివాళ్ల గ్రాంటు కాదు, సభ్యుల పొదుపు.

ఇక జెనీవా. అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభలో ఒక్కో దేశానికి నాలుగు ఓట్లు: ప్రభుత్వానికి రెండు, యజమానులకు ఒకటి, కార్మికులకు ఒకటి. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకి విడిగా ఓటేమీ లేదు. 1983లో ఆహార, వ్యవసాయ కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య 'సేవా'ను సభ్యసంఘంగా చేర్చుకోవడంతో వాళ్లకి ఒక తలుపు తెరుచుకుంది. 1996 జూన్‌లో గృహ ఆధారిత పని మీద 177వ ఒడంబడిక ఆమోదం పొందింది. యజమానుల పక్షం ఓటింగుకి దూరంగా ఉన్నా అది నెగ్గింది. వేరేవాళ్ల కోసం ఇంట్లో కూర్చుని కూలికి పనిచేసే మనిషికీ, ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికీ కూలి, ప్రసూతి రక్షణ, సంఘం పెట్టుకునే హక్కు విషయాల్లో తేడా చూపకూడదన్నది దాని సారం.

ఆ వాదనకి బలం అంకెలతో వచ్చింది. అంకెలు తీయాలంటే డబ్బు కావాలి. 1997లో ఇటలీలోని బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సమావేశ భవనంలో కొంతమంది కూర్చుని 'వీగో' అనే సంస్థకి రూపం ఇచ్చారు. ఇలా భట్ గారూ, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్తా చెన్ గారూ అందులో ఉన్నారు. ఫోర్డ్ ఫౌండేషన్ గ్రాంటిచ్చింది. ఆ డబ్బుతో కుట్టుమిషన్లు పంచలేదు. గణాంకాలు తీసే అధికారులతో కూర్చుని, ఏ పనిని అసంఘటిత పని అనాలి, దాన్ని ఎలా లెక్కపెట్టాలి అని తేల్చే పని సాగింది. పైకి చూస్తే కాగితాల పనే. కానీ 1999-2000లో మన దేశపు నమూనా సర్వేలో 'మీరు పని ఎక్కడ చేస్తారు' అన్న ప్రశ్న చేరింది. వర్ధమాన దేశాల్లో వ్యవసాయం కాని పనుల్లో సగం నుంచి ముప్పాతిక దాకా అసంఘటిత పనే అని 2002లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నివేదిక చెప్పింది. మరుసటి ఏడాది అసంఘటిత ఉపాధి అంటే ఏమిటో దేశాలన్నిటికీ ఒకే నిర్వచనం వచ్చింది.

గ్రాంటిచ్చేవాళ్ల చేతిలో పగ్గాలుంటాయి కదా అన్న అనుమానం మనకి రావాలి. మనమూ చూస్తూనే ఉన్నాం, కొన్ని పథకాల్లో డబ్బుతో పాటు ఫారాలు, వాళ్లకి కావలసిన ప్రశ్నలే వస్తాయి. 'వీగో'లో పరిశోధకుల పక్కనే శ్రామిక సంఘాల ప్రతినిధులకూ బోర్డులో చోటు పెట్టడం అందుకే ముఖ్యం అని మేం అనుకుంటున్నాం.

అయినా గ్రాంటు ఏ ప్రభుత్వం చేతా సంతకం పెట్టించలేదు. 177వ ఒడంబడికని మొదట ఫిన్లాండ్, తర్వాత ఐర్లాండ్ ఒప్పుకున్నాయి. అది 2000లో అమల్లోకి వచ్చింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల సంగతి వేరు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లని కూడా కార్మికులుగానే గుర్తించింది. పీఎఫ్ ఉన్నవాళ్లున్నారు, తెలంగాణలో బీడీ కార్మికులకి పింఛను కూడా వస్తోంది. అదే ఊళ్లో, పక్కింట్లో, ముక్కకి ఇంత అని జాకెట్లకి హుక్కులు కుట్టే మనిషికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. జెనీవాలో రాసుకున్న ఆ ఒడంబడిక ఆమెను ఉద్దేశించిందే.