పాలమూరు, నల్లగొండ చరిత్రపూర్వ కుండలు, క్రతు వస్తువులు

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల మెట్టభూముల్లో దొరికిన నవీన శిలాయుగ, బృహత్‌శిలా యుగ మృణ్మయాలు, అంత్యక్రియల సామగ్రి ఈ వ్యాస విషయం. వీటి కాలం స్థూలంగా క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నుంచి శాతవాహనుల దాకా. బృహత్‌శిలా యుగపు వస్తువుల్లో ఎక్కువ భాగం ఇళ్ళలో కాక సమాధుల్లో బయటపడ్డాయి. అందుకే ఆనాటి మనుషులు ఎలా బతికారన్న దానికంటే, పోయినవారిని ఎలా సాగనంపారన్నదే మనకు ఎక్కువ తెలుసు.

అన్నిటికన్నా పాత ఆనవాళ్ళు ఉట్నూరువి (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరుది). అక్కడి బూడిద దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వారు. పశువుల దొడ్డి, దాని చుట్టూ మొద్దుల కంచె, పేరుకున్న పేడను పలుమార్లు కాల్చగా మిగిలిన బూడిద పొరలు, ఆ పొరల మధ్య గిట్టల అచ్చులు కనిపించాయి. కుండలు చాలావరకు చేత్తో చేసి నునుపు పెట్టిన బూడిదరంగువి. పేడను కాల్చింది శుభ్రత కోసమా, పండుగ కోసమా? పశువులను మంట మీదుగా దాటించే ఆచారాలను గుర్తుచేస్తూ ఆల్చిన్ క్రతువు వైపే మొగ్గారు. అన్నిసార్లు, అంత పెద్ద ఎత్తున కాల్చడం చూస్తే ఆ వాదనను తోసిపుచ్చడం కష్టం.

ఇనుము వచ్చాక క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో సమాధులు పెరిగాయి. గుండ్ల వలయం, దాని మధ్య గొయ్యి లేదా బండల పెట్టె, అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, పూసలు, కుండలు ఉంటాయి. జనం వీటిని రాకాసి గుళ్ళంటారు. ఈ కాలపు ముఖ్యమైన కుండ లోపల, మూతి దగ్గర నల్లగా, బయట ఎర్రగా ఉంటుంది. బోర్లించి కాల్చితే గాలి ఆడని లోపలి భాగం నల్లబడుతుంది, మంట తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. రెండుసార్లు కాల్చారని వాదించేవారూ ఉన్నారు. చిప్పలు, మూతలు, చుట్టకుదుళ్ళు, కాళ్ళున్న కూజాలు దీని ప్రధాన రూపాలు. ఇక్కడి కుమ్మరులు కుండ మీద బొమ్మల జోలికి పెద్దగా పోలేదు. గీతలు మాత్రం గీశారు.

ఆ గీతల మీద చర్చ నేటికీ తెగలేదు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ. 1917లో ఆయన ఈ గుర్తులను పోగుచేసి, కొన్నిటికి బ్రాహ్మీ అక్షరాలతో పోలిక ఉందన్నారు. అవి కుమ్మరి గుర్తులో, వంశపు గుర్తులో కావచ్చు. వాటిని లిపి అనడానికి మాత్రం ఆధారం చాలదు. భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను తవ్విన ఇ.హెచ్. హంట్ 1924లో హైదరాబాద్ ప్రాంతపు సమాధులపై పెద్ద వ్యాసం ప్రచురించారు.

నాగార్జునసాగర్ నీటిలో మునగబోతున్న నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపి, 1963లో నివేదిక వెలువరించారు. బృహత్‌శిలా సమాధుల నుంచి ఇక్ష్వాకుల కట్టడాల దాకా ఒకే చోట వరుసగా బయటపడ్డాయి. బృహత్‌శిలా సమాధుల్లో దొరికే మట్టి శవపేటికల్లో ప్రసిద్ధమైనది మాత్రం ఈ జిల్లాలది కాదు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన పొట్టేలు ఆకారపు పేటిక అది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

కృష్ణ ఒడ్డున, ఇప్పటి నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో సమాధుల నడుమ నిలువురాళ్ళున్నాయి. కొన్ని పది అడుగులకు మించిన ఎత్తున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు వీటిని చాలాకాలం పరిశీలించారు. ఆయన ప్రకారం, వీటి వరుసలు సూర్యుడి గమనంతో కలుస్తాయి, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలాన్ని సూచిస్తాయి. ఊరివాళ్ళు ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్ళు, పొలం చదును చేసే యంత్రాలు ఈ సమాధులకు ప్రధాన శత్రువులు. సమాధిలో బంగారం ఉంటుందన్న నమ్మకానికి తవ్వకాల్లో దొరికే సరుకు మద్దతివ్వదు. కుండ ఎక్కడ, దేని పక్కన, ఏ తీరున ఉందన్నదే దాని విలువ, పెకిలించాక అది పెంకు మాత్రమే. రాళ్ళ వలయం కనిపిస్తే కదపకుండా రెవెన్యూ అధికారులకో పురావస్తు శాఖకో తెలపాలి. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టమే చెబుతోంది.