పారిపోయిన బానిసకు జబ్బు పేరు: అమెరికా సైకియాట్రీ క్షమాపణ, మన ప్రశ్నలు

2021 జనవరి 18న, మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినాన, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పాలకమండలి ఒక ప్రకటన విడుదల చేసింది. సైకియాట్రీలో వేళ్ళూనుకున్న జాతివివక్షకు తమ సంఘం మద్దతుగా నిలిచిందని ఒప్పుకుంటూ నల్లజాతి ప్రజలకు, అక్కడి ఆదివాసులకు, ఇతర తెల్లేతర ప్రజలకు క్షమాపణ చెప్పింది. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిన తర్వాత వీధుల్లో లేచిన నిరసన లేకపోతే ఆ ప్రకటన వచ్చేది కాదని మా అభిప్రాయం. అదే సంవత్సరం అక్టోబరులో సైకాలజిస్టుల సంఘం కూడా క్షమాపణ చెప్పింది. ఇంగ్లీషులో రెండు సంఘాల పొట్టి పేరూ ఒకటే. కాబట్టి మనవాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు. మందులు రాసే డాక్టర్ల సంఘం వేరు, సైకాలజీ చదివినవాళ్ళ సంఘం వేరు.

డాక్టర్ల సంఘం పుట్టింది 1844లో. క్షమాపణకు 177 ఏళ్ళు పట్టింది.

అమెరికా సంగతి మనకెందుకు అని అడిగేవాళ్ళున్నారు. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం హార్లెంకు పక్కనే ఉంది. ఆయన 1946లో డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ ప్రతి కావాలని అడిగినాడు. 1972లో బొంబాయి మురికివాడల్లో పుట్టిన దళిత్ పాంథర్స్‌కు పేరే అక్కడినుంచి వచ్చింది. వాళ్ళ పోరాటాన్ని చదివి నేర్చుకున్నవాళ్ళం, వాళ్ళ జబ్బుల రిజిస్టర్లను కూడా చదవాలి.

ఆ రిజిస్టర్ల కథ ఒక జనాభా లెక్కతో మొదలవుతుంది. 1840 అమెరికా జనాభా లెక్కల్లో మొదటిసారి పిచ్చివాళ్ళనూ మందబుద్ధులనూ రంగువారీగా లెక్కపెట్టినారు. ఫలితాలు చూసి దక్షిణాది బానిస యజమానులు పండగ చేసుకున్నారు. బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రతి 162 మంది నల్లవాళ్ళలో ఒకరికి మతి చలించిందట. బానిసత్వం ఉన్న దక్షిణాదిలో 1558 మందికి ఒక్కరేనట. మెయిన్ రాష్ట్రంలోనైతే 14 మందికి ఒకరు! అంటే అర్థమేమిటి? నల్లవాడికి స్వేచ్ఛ పడదు, స్వేచ్ఛ ఇస్తే పిచ్చెక్కుతుంది, దొర నీడన ఉంటేనే బుద్ధి నిలుస్తుంది అని. 1844లో విదేశాంగ మంత్రిగా ఉన్న కాల్హౌన్ బ్రిటిష్ రాయబారికి రాసిన లేఖలో బానిసత్వాన్ని సమర్థించడానికి ఈ అంకెలనే వాడుకున్నాడు.

అంకెలు తప్పు. ఆ సంగతి పట్టుకున్నవాళ్ళలో ఎడ్వర్డ్ జార్విస్ అనే మసాచుసెట్స్ డాక్టరొకడు. మొదట తానూ ఆ లెక్క నమ్మినవాడే. తర్వాత ఊరూరి కాగితాలు తీసి చూస్తే, నల్లవాడు ఒక్కడు కూడా లేని ఊళ్ళలో నల్ల పిచ్చివాళ్ళున్నారు. వూస్టర్ పట్నంలో 133 మంది నల్ల పిచ్చివాళ్ళని రాసివుంది. ఆ 133 మందీ అక్కడి ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో ఉన్న తెల్ల రోగులు! ఇరుకు గడుల కాగితంలో ఒక గడిలో వేయాల్సిన అంకె ఇంకో గడిలో పడింది.

జార్విస్ పేరు పుస్తకాల్లో కనబడినంతగా జేమ్స్ మెక్కూన్ స్మిత్ పేరు కనబడదు. ఈయన న్యూయార్కులో బానిసగా పుట్టినాడు. అక్కడి కాలేజీలు చేర్చుకోకపోతే సముద్రం దాటి స్కాట్లండ్ పోయి, 1837లో గ్లాస్గోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. వైద్యపట్టా పొందిన మొదటి అమెరికన్ నల్లజాతీయుడు. 1844లో న్యూయార్క్ నల్లజాతి పౌరుల తరపున సెనేట్‌కు అర్జీ రాసి, ఆ లెక్కను అంకె అంకెగా చీల్చి చూపినాడు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ కూడా అదే ఏడాది కాంగ్రెస్‌కు విన్నపం పంపింది. లెక్క దిద్దలేదు. తప్పులు ఎక్కువే గానీ అవి ఒకదానికొకటి సరిపోయి చివరికి నిజమే తేలుతుందని కాల్హౌన్ వాదించినట్టు జాన్ క్విన్సీ ఆడమ్స్ తన డైరీలో రాసుకున్నాడు.

సరిగ్గా ఆ సంవత్సరమే ఫిలడెల్ఫియాలో పిచ్చాసుపత్రుల సూపరింటెండెంట్లు 13 మంది కూర్చుని తమ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే ఇవాళ క్షమాపణ చెప్పిన సంఘం. పదమూడు మందీ తెల్లవాళ్ళే.

ఇక కార్ట్‌రైట్. లూసియానాకు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ 1851లో అక్కడి వైద్యసంఘానికి ఇచ్చిన నివేదికలో బానిసలకు వచ్చే రెండు కొత్త జబ్బులు కనిపెట్టినాడు. ఒకటి డ్రాపెటోమేనియా, అంటే పారిపోయే పిచ్చి. రెండోది డిసెస్థీషియా ఇథియోపికా. పని సరిగా చేయకపోవడం, పనిముట్లు విరగ్గొట్టడం, నిద్రమొహం వేసుకుని తిరగడం దీని లక్షణాలు. మొదటిదానికి వైద్యం ఏమంటే, పారిపోయే సూచన కనబడగానే కొరడా. రెండోదానికి రోగిని వేడినీళ్ళతో కడగాలి, ఒళ్ళంతా నూనె పూయాలి, ఆ నూనె ఒంట్లోకి ఇంకేటట్టు వెడల్పాటి తోలుపట్టీతో చరచాలి, ఆపైన ఎండలో కష్టమైన పనికి తోలాలి.

మన ఊళ్ళల్లో జీతానికున్న పాలేరు ఒకనాడు చెప్పాపెట్టకుండా పట్నం పోతే కామందు ఏమంటాడు? 'వాడికి పొగరెక్కింది' అంటాడు. మాదిగవాడలో పిల్లాడు తెల్లచొక్కా వేసి సైకిలెక్కి ఊరి నడుమ నుంచి పోతే 'కళ్ళు నెత్తికెక్కినయ్' అంటారు. 'బలుపు', 'ఒళ్ళు కొవ్వు' అనే మాటలూ ఉన్నాయి. చూడబోతే ఇవన్నీ రోగనిర్ధారణలే. మందు కూడా కార్ట్‌రైట్ రాసిందే. తేడా ఒక్కటే: మన కామందుకు గ్రీకుభాష రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన సభల్లో డ్రాపెటోమేనియా అమెరికా సైకియాట్రీ మొత్తం ఒప్పుకున్న జబ్బు అన్నట్టు చెబుతున్నారు. అది నిజం కాదు. సూపరింటెండెంట్ల సంఘం దాన్ని జబ్బుల పట్టికలో చేర్చలేదు. ఆ కాలంలోనే ఓల్మ్‌స్టెడ్ వంటి రచయితలు ఎగతాళి చేసినారు, ఒప్పందపు చాకిరీలో ఉన్న తెల్లవాళ్ళు కూడా పారిపోయేవాళ్ళు కదా అని. కార్ట్‌రైట్‌ను ఒక పిచ్చి డాక్టరుగా పక్కకు తోసేయడం వృత్తికి చాలా సౌకర్యం. అసలు నేరం అతని రెండు గ్రీకు మాటల్లో లేదు, గౌరవనీయులైన డాక్టర్లు నడిపిన ఆసుపత్రుల్లో ఉంది.

అంతర్యుద్ధం ముగిశాక 1870లో వర్జీనియాలో నల్లవాళ్ళకు మాత్రమే అని ఒక పిచ్చాసుపత్రి పెట్టినారు. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. మేరీలాండ్‌లో 1911లో మొదలైన క్రౌన్స్‌విల్ ఆసుపత్రి సంగతి ఇంకా విచిత్రం. దాన్ని కట్టింది రోగులే. నల్ల రోగుల్ని తెచ్చి, చెట్లు కొట్టించి, మట్టి మోయించి, వాళ్ళు ఉండబోయే వార్డుల్ని వాళ్ళచేతనే కట్టించినారు. పని చేయగలిగినంత ఆరోగ్యం ఉంది గానీ బయటికి పోగలిగినంత లేదన్నమాట.

1960ల్లో పరిస్థితి ఇంకో రూపం తీసుకుంది. అంతకుముందు దశాబ్దాల్లో స్కిజోఫ్రీనియా అంటే అమెరికా పత్రికల్లో నీరసించిన తెల్ల గృహిణి బొమ్మ కనబడేది. పౌరహక్కుల ఉద్యమం వీధికెక్కాక అదే జబ్బుకు కోపిష్టి నల్ల యువకుడి ముఖం వచ్చింది. 1968లో బ్రోంబర్గ్, సైమన్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు పేరున్న వైద్యపత్రికలో 'నిరసన సైకోసిస్' అని ఒక పేరు ప్రతిపాదించినారు. అదే సంవత్సరం వచ్చిన రోగనిర్ధారణ గ్రంథం రెండో కూర్పులో స్కిజోఫ్రీనియాలో ఒక రకానికి శత్రుత్వం, దౌర్జన్యం లక్షణాలుగా చేరినయి. 1974లో హాల్డాల్ మందు ప్రకటనలో వీధిలో పిడికిలి బిగించిన నల్లవాడి బొమ్మ వేసినారు. మందు ఏ రోగానికో చూసేవాడికి వేరే చెప్పక్కర్లేదు. మిషిగన్‌లోని అయోనియా ఆసుపత్రి పాత కేసు కాగితాలు తిరగేసి జోనాథన్ మెట్జెల్ అనే సైకియాట్రిస్టు రాసిన పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది. డెట్రాయిట్ వీధుల్లో పట్టుబడిన నల్ల యువకులు ఆ ఆసుపత్రి తాళాల వెనక్కి ఎట్లా చేరినారో అందులో చదవవచ్చు. మన పరిశోధక విద్యార్థులు చదవవలసిన పుస్తకం. కేసు కాగితాన్ని చరిత్రగా చదవడం ఎట్లాగో నేర్పుతుంది.

వృత్తి లోపలినుంచి తిరుగుబాటు కూడా అప్పుడే వచ్చింది. 1969 మే నెలలో మయామీలో సంఘం మహాసభలు జరుగుతుంటే, నల్లజాతి సైకియాట్రిస్టులు కొందరు పాలకమండలి ఉదయం ఫలహారాల సమావేశంలోకి నేరుగా నడిచిపోయి తమ డిమాండ్లు ముందు పెట్టినారు. బ్లాక్ సైకియాట్రిస్ట్స్ ఆఫ్ అమెరికా సంఘం అట్లా పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు చెస్టర్ పియర్స్. రోజూ జరిగే చిన్నచిన్న అవమానాలకు 1970లో 'మైక్రోఅగ్రెషన్' అని పేరు పెట్టింది ఈయనే. 'నువ్వు ఆళ్ళల్లో పుట్టినట్టు కనబడవే' అని మెచ్చుకోలుగా అనే ప్రొఫెసర్లు మనకు తెలుసు. ఇళ్ళల్లో మొట్టమొదటిసారి డిగ్రీ ముఖం చూసిన మేము ఆ మెచ్చుకోలు తిన్నవాళ్ళమే. నొప్పి తెలిసేది గానీ దానికొక పేరుందని తెలిసేది కాదు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అనేదే ఈ చరిత్ర మొత్తంలో అసలు ప్రశ్న.

మరి మన దేశంలో?

పిచ్చాసుపత్రులు మనకు కంపెనీ, రాణీ పాలనల్లో వచ్చినయి. 1858 చట్టాలు, 1912 లూనసీ చట్టం జైలు నీడలోనే తయారైనయి. తెల్లవాళ్ళకు వేరు, నేటివులకు వేరు. రాంచీలో 1918లో యూరోపియన్లకొకటి, 1925లో ఇండియన్లకొకటి. పక్కపక్కనే ఉన్నా పూర్తిగా వేరు సంస్థలు. 1946 భోర్ కమిటీ కోసం మూర్ టైలర్ ఆసుపత్రులన్నీ చూసి, ఇవి చాలావరకు మనుషుల్ని బంధించడానికి కట్టినవే గానీ నయం చేయడానికి కావని తేల్చినాడు. అప్పటికి ఇంగ్లండులో 300 మందికొక పడక ఉంటే మన దేశంలో 40 వేల మందికి ఒకటి.

వలస పాలకుడు చేసిన జాతివివక్షను మన సైకియాట్రీ చరిత్రకారులు బాగానే రాసినారు. తెల్లవాడు పోయిన తర్వాతి కథ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఎందుకంటే ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నది ఎవరు? పాశ్చాత్య పద్ధతి మనకు సరిపోదు, భారతీయ పద్ధతి కావాలన్నారు. మంచిదే. 1973లో జె.ఎస్. నేకీ గురుశిష్య సంబంధాన్ని మానసిక చికిత్సకు నమూనాగా ప్రతిపాదించినాడు. అమెరికా పత్రికలో అచ్చయింది, పేరొచ్చింది. భగవద్గీతను మొదటి కౌన్సెలింగ్ అని చెప్పే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నయి. గురుశిష్యులు అనగానే అగ్రవర్ణ డాక్టరుకు ఆశ్రమం, నమ్మకం, శరణాగతి గుర్తొస్తాయి. మనకు ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తుంది. ఇది హేళన కాదు. మాల ఇంటి ఆడమనిషి డాక్టరు ముందు కూర్చుని 'అయ్యా, మీరెట్లా చెబితే అట్లా' అంటే అది చికిత్సకు పనికొచ్చే నమ్మకమా, తరాల భయమా? ఈ రెండింటి తేడా ఆ నమూనాలో లేదు.

2007లో థోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ వైద్య విద్యార్థుల మీద జరుగుతున్న వివక్షను నివేదికలో పెట్టింది. డాక్టర్లను తయారుచేసే చోటు సంగతి అది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయినాడు. అంతకుముందు స్టైపెండ్ ఆగింది, నలుగురు సహచరులతో పాటు హాస్టల్ నుంచి వెలి వేసినారు, ఐదుగురూ బయట గుడారంలో పడుకున్నారు. ఆ చోటుకు విద్యార్థులు వెలివాడ అని పేరు పెట్టినారు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం కారణం వివక్ష కాదు, వ్యక్తిగత నిరాశ అని తేల్చింది. ఆ కమిషన్‌లో ఉన్నది ఒక మాజీ న్యాయమూర్తి, సైకియాట్రిస్టు కాడు. కానీ ఆ వాక్యం ఏ వృత్తి భాషలోంచి వచ్చింది? జబ్బు మనిషి లోపలే ఉంది, వెలివాడ బయటిది, దానికీ దీనికీ సంబంధం లేదు అనే భాషలోంచి.

కౌన్సెలర్లు వద్దని మేము అనడం లేదు. కుంగుబాటు నిజం, మందుతో నయమయ్యే బాధ నిజం. ఆ మందు మన వాడల దాకా రాకపోవడం కూడా నిజం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చాలా రకాల మానసిక జబ్బుల్లో 70 శాతానికి పైగా మందికి వైద్యమే అందడం లేదు. ఆ మిగిలిపోయినవాళ్ళెవరో ఊహించడానికి సర్వే అక్కర్లేదు. దర్గాలకు, భూతవైద్యుల దగ్గరికి పోయేది మూఢనమ్మకంతోనే కాదు, అక్కడ ఎవరూ ఇంగ్లీషులో కసురుకోరు కాబట్టి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టివున్న రోగులు కదలలేక కాలిపోయినారు. మొత్తం 28 మంది. మనవాళ్ళకు మాత్రం ఎర్రగడ్డ అంటే ఇప్పటికీ ఒక జోకు.

అమెరికాలో తప్పుగా లెక్కపెట్టినారు. ఇక్కడ అసలు లెక్కే పెట్టరు. దేశంలో ఆత్మహత్యల మీద ఏటా వచ్చే ప్రభుత్వ నివేదిక తీయండి. వయసు ఉంటుంది, చదువు ఉంటుంది, వృత్తి ఉంటుంది. కారణాల పట్టికలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, పరీక్షల్లో తప్పడం, ప్రేమ వ్యవహారాలు అన్నీ ఉంటాయి. కులం గడి ఉండదు. మెక్కూన్ స్మిత్‌కు చీల్చి చూపడానికి కనీసం ఒక తప్పుడు లెక్క చేతికి దొరికింది.

అయితే కొత్త చట్టంలో ఒక మాట దొరికింది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యం హక్కు గురించి చెబుతూ, వివక్ష చూపరాని అంశాల జాబితాలో కులం పేరెత్తింది. 3వ సెక్షన్ ప్రకారం సమాజపు కట్టుబాట్లకు, రాజకీయ విలువలకు ఒదగకపోవడాన్ని బట్టి ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు. 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడమంటుంది. బ్లూ డాన్ వంటి దళిత బహుజన బృందాలు మానసిక ఆరోగ్యం మీద పని మొదలుపెట్టినయి. వృత్తి లోపల కూడా కొందరు కులం మాట రాస్తున్నారు. 28వ సెక్షన్ ప్రకారం వైద్యంలో లోపం జరిగితే రోగి గానీ, రోగి నియమించుకున్న ప్రతినిధి గానీ ముందు ఆ ఆసుపత్రి బాధ్యుడికి ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ తేలకపోతే రివ్యూ బోర్డుకు పోవచ్చు. జిల్లాల్లో పనిచేస్తున్న కార్యకర్తలు ఈ సెక్షన్ కింద కులం పేరు రాసి ఫిర్యాదులు పెట్టించాలి, ప్రతి ఫిర్యాదుకూ ఒక నకలు తమ దగ్గర దాచాలి.