క్వెడ్లిన్‌బుర్గ్

జర్మనీలోని సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రంలో, హార్జ్ కొండలకు ఉత్తరాన ఉన్న చారిత్రక పట్టణం. కలప చట్రంతో కట్టిన ఇళ్లు ఇక్కడ రెండు వేలకు పైనే. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ముందుగా చూడాల్సింది వోర్డ్‌గాస్సే వీధిలోని 3వ నంబరు ఇల్లు. 14వ శతాబ్దం నాటి ఈ ఇంటి గుంజలు నేల నుంచి చూరు దాకా అతుకు లేకుండా సాగుతాయి. బరువంతా వాటి మీదే. మధ్య ఖాళీల్లో తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తేవారు. తర్వాతి కాలంలో ఒక్కో అంతస్తునూ విడి చట్రంగా పేర్చారు. అందుకే చాలా ఇళ్ల పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొస్తాయి. దూలాల మీద చెక్కిన విసనకర్ర నమూనాల కోసం తప్పక తలెత్తి చూడాలి.

936లో మరణించిన రాజు మొదటి హెన్రీని ఈ పట్టణంలోని కోట కొండమీదే ఖననం చేశారు. అక్కడి చర్చి నిధి నుంచి 1945లో ఒక అమెరికన్ సైనికుడు ఎత్తుకెళ్లిన అపురూప వస్తువుల్లో చాలావరకు 1990లలో తిరిగొచ్చాయి.